మూడో పేరు

మా సార్ పోయారు. జర్మనీలో, డ్రెస్డెన్‌లో నా పీహెచ్‌డీ గైడు. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చాక గుండె ఆగిందట. డిపార్ట్‌మెంటు పంపిన మెయిల్లో ఈ సంగతి ఒక్క వాక్యం. మిగతా పేజీ అంతా ఆయన వ్యాసాలెన్ని, వాటికి సైటేషన్లెన్ని, అంటే ఎంతమంది తమ రాతల్లో ఆయన రాతను పేర్కొన్నారు, భౌతికశాస్త్రంలో ఎంత, వైద్యంలో ఎంత, వ్యవసాయంలో ఎంత అన్న వివరమే. చదివితే నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను, ఆగండి.

సోమవారం పొద్దున్నే ల్యాబుకు వచ్చి, కోటు కూడా విప్పకుండా తన సైటేషన్లు చూసుకునేవారు. పెరిగితే అందరికీ కాఫీ. పెరక్కపోతే ఆ వారం మా గతి చెప్పక్కర్లేదు. "చేసింది మిగలదు, రాసిందే మిగుల్తది" అనేవారు. ల్యాబులో మాతో ఇంగ్లీషే. తెలుగులోకి దిగారంటే ఏదో అడగబోతున్నారని అర్థం.

మొదటి లాక్‌డౌన్‌లో ల్యాబులోకి ఒక్కరినే రానిచ్చేవారు. ఆ ఒక్కరు నేనే. ఏ గుడ్డతో మాస్కు కడితే ఎంత తుంపర దాటుతుందో కొలిచాను. దుప్పటి ముక్కలు, పాత చీర ముక్కలు, సార్ భార్య, మా ఆంటీ, ఇచ్చిన చున్నీలు. రోజంతా మాట్లాడే మనిషి లేక మిషన్‌నే తిట్టుకుంటూ చేశాను. బతుకంతా చిప్పుల్లో వాడే సిలికాన్ పొరల పరిశోధనలో గడిపిన సార్‌కు అదొక కొత్త రంగం, కొత్త పాఠకులు. నాకేమో థీసిస్ ఇవ్వాలంటే రాసినవాళ్లలో నా పేరు మొదట ఉన్న వ్యాసం ఒక్కటైనా కావాలి. నా ఆశంతా ఈ మాస్కుల పని మీదే.

మా గ్రూపులో పేర్ల వరుస సార్ ఇంట్లో, ఆదివారం భోజనాల దగ్గర తేలేది. ఆంక్షలు సడలాక పిలిచారు. ఆంటీ సర్వపిండి పెట్టి, పచ్చిపులుసు పోశారు. నా నోట్లో ముద్ద ఉండగానే సార్ తెలుగులోకి దిగారు.

"డాక్టర్లు సదవాలంటే ముందుగాల పెద్దోళ్ల పేరుండాలె బిడ్డా. నాది, మనతోని కలిసిన హాస్పిటల్ డాక్టర్‌ది, తర్వాత నీది. నీకేంది, ఇంకా మస్తు టైముంది."

"సరే సార్" అన్నాను.

పాడు నోరు! ఒకరింటి అన్నం తింటూ కాదనడం ఎట్లాగో నాకెవరూ నేర్పలేదు. మా గ్రూపులో ఒక జర్మన్ స్కాలర్ ఉండేవాడు. అతని పేరును సార్ ఎన్నడూ కిందికి దించలేదు. అతను అడుగుతాడని ఆయనకు తెలుసు, నేను అడగనని తెలుసు. నేను మరో వ్యాసం రాసేలోపే నా కాంట్రాక్టు అయిపోయింది, థీసిస్ ఆగిపోయింది. ఇప్పుడొక చిప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాను. ఆ మాస్కుల వ్యాసాన్ని మాత్రం డాక్టర్లు, ఇంజనీర్లు, చివరికి బడుల గురించి రాసేవాళ్లూ పేర్కొన్నారు. ప్రతిచోటా సార్ పేరు, పక్కన "తదితరులు". ఆ తదితరుల్లో నేనున్నాను.

మంచి చెప్తానన్నాను కదా. నాకు కోవిడ్ వచ్చినప్పుడు రోజూ మూడంతస్తులు ఎక్కి, తలుపు ముందు చారు గిన్నె పెట్టి, బెల్లు కొట్టి వెళ్లిపోయింది ఆయనే. వీసాకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరక్కపోతే ఆఫీసు ముందు మంచులో నాతోపాటు నిలబడిందీ ఆయనే. తనివితీరా తిట్టుకుందామంటే ఆ చారు అడ్డొస్తుంది. దానిక్కూడా నాకు కోపమే.

పోయిన వారం ఆంటీ ఫోన్ చేశారు. సంస్మరణ రోజు ఫొటో పక్కన సార్ వ్యాసాల్లో గొప్పదాని మొదటి పేజీ పటం కట్టించి పెడతారట.

"ఏది పెట్టాలె బిడ్డా?"

"మాస్కులది పెట్టండాంటీ. అది నేను చేసిన పని. అందులో ఒక్క కొలత కూడా సార్ తీయలేదు."

నోరు జారలేదు. అనాలనే అన్నాను.

"గీ మాట ఆయనున్నప్పుడు అనకపోతివి. ఇప్పుడు నేనెవర్ని అడగాలె?"

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.

నిన్న వెళ్లాను. పదిమందిమి మాస్కులు పెట్టుకుని, కిటికీలన్నీ తెరిచి, చలిలో కూర్చున్నాం. ఫొటోకూ, పక్కనే మాస్కుల వ్యాసం పటానికీ చామంతి దండలు వేశారు. పటం మీది దండ పేర్ల వరుసను పూర్తిగా కప్పేసింది. ఆంటీ లేచి వెళ్లి, రెండు చేతులతో దాన్ని ఎడమ పక్కకు లాగారు. సార్ పేరు పూల కిందే ఉండిపోయింది. నా పేరు బయటికొచ్చింది.