పొట్టేలు కొమ్మూ, నా పెండ్లి ప్రకటనా

నా పెండ్లి చెడగొట్టేదానికి శత్రువులెవరూ అక్కరలేకపోయినారు. నేనొక్కణ్ణే చాలినా. అదీ గుడిలో, ఆదోని నుంచి వచ్చిన పాస్టరయ్యగారి ఎదురుగా. ఎట్లనో చెప్తా, నవ్వుకోండి. నవ్వేవాళ్ళ మీద నాకు కోపం లేదు, కొంచెం అనుమానం ఉంటాది, అంతే.

అనుమానం నాకు పుట్టుకతోనే ఉంది. కండక్టరు టికెట్టిస్తే ఎండకు పెట్టి చూసేవాణ్ణి. కర్నూలు రాజధానిగా ఉండిన కాలంలో కూడా, నిజంగానే రాజధానా అని నలుగురిని అడిగినా. అట్లాంటోనికి ఎమ్మిగనూరు పక్కన మా ఊళ్ళో ఉపదేశి దావీదప్ప తన కూతురు రూతమ్మనిస్తానన్నాడు. అయ్యగారు నెలకొకసారి వస్తారు, మిగతా ఆదివారాలు గుడి నడిపేది ఈ ఉపదేశే. చానా మంచోడు. అంత మంచోడు ఎందుకున్నాడబ్బా అని ఆయన మీదా నాకు అనుమానమే.

పెండ్లి ప్రకటన చదివే ఆదివారం దగ్గర పడినాక నా పొట్టేలు నల్లోడు మాయమైపోయినాడు. జాతర పందేనికని బిడ్డ మాదిరి సాకినా వాణ్ణి. ఉలవలు నేను తినకుండా వానికి పెట్టినా. పందేలంటే ఉపదేశికి గిట్టదు. శనివారం వెతుక్కుంటా వాళ్ళింటి ముందర పోతాంటే ముక్కుకు తగిలింది. తలకాయ ఉడుకుతాండే వాసన!

తలుపు కొడితే రూతమ్మ తల మాత్రం బయట పెట్టింది.

"ఏం ఉడకబెడ్తాండారు?"

"ఏం లేదు. గుడ్డలు."

"గుడ్డలు పొట్టేలు వాసనొస్తాయా?"

"రేపు తెలుస్తాదిలే, పో!" అని నవ్వి తలుపేసింది.

నా నల్లోణ్ణి తిని నవ్వుతాండారు! ఆ దినమంతా నాకు ముద్ద దిగలేదు.

ఆదివారం అయ్యగారు యెరికో గోడల ప్రసంగం చేసినారు. యాజకులు పొట్టేలు కొమ్ము బూరలూదితే గోడలు కూలినాయని చెప్పి ఉపదేశి వైపు తిరిగినారు. ఆయన తువ్వాల్లోనుంచి మెలికల నల్ల కొమ్ము తీసి ఊదినాడు. "స్తోత్రం!" అని అందరూ అరిచినారు. నాకు మాత్రం నల్లోడు ఏడ్చినట్టే వినపడింది.

ఆ ఊపులోనే అయ్యగారు ప్రకటన చదివినారు. "యోసేపునకును రూతమ్మకును వివాహము నిశ్చయమైనది. ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను."

"నాకుంది!" అని లేచినా.

అయ్యగారు కళ్ళద్దాలు సవరించుకొన్నారు. "నువ్వెవరప్పా?"

"పెండ్లికొడుకునయ్యా."

గుడంతా నా వైపు తిరిగింది.

"నా పొట్టేలును కోసుకొని తిని, దాని కొమ్మునే నా ముందర ఊదుతాండాడు! ఆ ఇంట్లో పిల్లను నేను సేసుకోను!"

ఉపదేశి కొమ్ము దించినాడు. "నేనా? దొంగతనమా? కొమ్ములోని బొమిక ఊడొచ్చేదానికి ఉడకబెట్టినాము నాయనా. అందరూ ఆశ్చర్యపోవల్లని దాచినాము."

"మరి ఆ కొమ్ము యాడిది?"

"నేనిచ్చిందేనప్పా," అని వాకిట్లోనుంచి ఒక గొంతు.

చూస్తే గొర్రెల కాపరి ఈరన్న. భుజాన గొంగడి, చేతిలో తాడు, తాడు చివర నల్లోడు! "మొన్న మా మంద ఎంబడి వచ్చేసినాదిది. ఎవరిదో తెలీక ఊరూరా తిప్పుతాండా. ఈడ కొమ్ము మోగితే, నేనిచ్చిందే గదా అని తొంగి సూసినా. ఎవురిదప్పా ఇది?"

నల్లోని తల మీద రెండు కొమ్ములూ భద్రంగా ఉన్నాయి. ఎందుకైనా మంచిదని పట్టుకొని ఊపి కూడా చూసినా.

గుడంతా పడీపడీ నవ్వింది. ఉపదేశి నవ్వలేదు, తువ్వాలతో కండ్లు తుడుచుకొన్నాడు. సిగ్గుతో సచ్చిపోయినా. పోయి కాళ్ళు పట్టుకొంటే, "పోనీలే నాయనా" అన్నాడు. రూతమ్మ మాత్రం లేచి నిలబడింది.

"అయ్యగారూ, ప్రకటన మళ్ళా సదవండి. ఈసారి అభ్యంతరం నాది."

అయ్యగారు మళ్ళా కళ్ళద్దాలు సవరించుకొన్నారు.

"ఏందమ్మా?"

"పొట్టేలు తిన్నాడని అందరి ముందర మా నాయనకు పేరు పెట్టినాడు. తినకుండానే ఆ పేరెందుకు మోయల్ల? పెండ్లికి ఆ పొట్టేలునే కోయల్ల. మొదటి విస్తరి మా నాయనకే. అట్లయితేనే ఒప్పుకుంటా."

నల్లోణ్ణి చూసినా, రూతమ్మను చూసినా. ఏం చేస్తా, ఏడుస్తానే తల ఊపినా.

పెండ్లిలో మామ అడిగి అడిగి వేయించుకొన్నాడు. "బాగుందా మామా?" అంటే, బొమిక చప్పరిస్తా, "ఇప్పుడు సెప్పు నాయనా సాక్ష్యం" అన్నాడు.

అందుకే దేవుని ఎదుట ప్రమాణం చేసి చెప్తాండా: ఇంక ఏ పెండ్లి ప్రకటన చదివినా నోట్లో తువ్వాల కుక్కుకుంటా. ఎవరింట్లో ఏం ఉడికినా ముక్కు మూసుకొని పోతా. మా ఇంట్లో ఉడికితే మాత్రం, ఏమని అడగకుండా తింటా.