కనురెప్ప లోపలి ఎరుపు

తొంభైలలో మా చిత్తూరు పాఠశాలలో పనిచేసిన డ్రిల్లు మాష్టారిని తలచుకోగానే, వంకర తిరిగిన ఆయన చూపుడువేలు గుర్తుకు వస్తుంది. దానితో తన కింది కనురెప్పను లాగి, ప్రధానోపాధ్యాయుడినైన నన్ను ప్రతి ఉదయం అడిగేవారు.

“సార్, సూడండి, ఎర్రగా ఉండాదా?”

“‘ఉండాదా’ కాదు, ‘ఉందా’ అనాలి. లేదు, పాలిపోయి ఉంది.”

ఏళ్ల తరబడి కీళ్ళవాతంతో బాధపడుతున్న ఆయనకు ఆ ఏడు ఈల ఊదడానికి కూడా ఊపిరి చాలలేదు. అలసటకు కీళ్ళే కారణమని అందరమూ అనుకున్నాము. తిరుపతి వైద్యులు రక్తం పరీక్షించి, రక్తహీనత అని తేల్చారు. కీళ్ళ వాపు ఇనుమును ఒంటికి పట్టనీయడం లేదని, నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తం పోతున్నదని చెప్పి, కీళ్ళకు మందు మార్చి, ఇనుము ఎక్కించారు. రక్తం పెరిగితే కనురెప్ప లోపల ఎర్రబడుతుందని కూడా చెప్పారు; ఈ కనురెప్ప పరీక్ష అప్పుడే మొదలైంది.

వార్షికోత్సవ కవాతును మరొకరికి అప్పగిద్దామన్నాను.

“ఆ పొద్దు దాకా ఈల నా మెడలోనే ఉండనీండి సార్. ఊదలేకపోతే నేనే తీసి మీ చేతిలో పెడతా.”

ఆనాడు ఆయన ఈల ఊదారు. అది మధ్యలో తెగలేదు. మొదటి వరుస మైదానం మలుపు తిరిగేదాకా మోగుతూనే ఉంది. గోడ అవతల అరటిపండ్ల బండివాడు కూడా ఆగి చూశాడు.

కవాతు ముగియగానే ఆయన నేరుగా వేదిక ఎక్కి, అందరి ఎదుటా కనురెప్ప లాగారు. నేను కళ్ళద్దాలు సర్దుకొని, వంగి చూశాను.

“ఎర్రగా ఉండాది, మాష్టారూ!”

“‘ఉంది’ అనాల సార్!” అని, ఆయన మళ్ళీ ఈల ఊదారు.