మార్కండి సంఘంలో మిగిలిన హేమ

గంజాం జిల్లా తీరాన ఉన్న మార్కండిలో యువజన సంఘం పుట్టింది పెద్ద తుపాను వచ్చిన మరుసటి ఏడు. ఆ తుపానులో పడవలు విరిగిపోయాయి, వలలు ఇసుకలో కూరుకుపోయాయి, ఒడ్డు వరసలో ఉన్న పాకల్లో ఒక్కటీ మిగల్లేదు. బియ్యం, టార్పాలిన్లు పట్టుకొచ్చిన బరంపురం స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పంపకాలు అయ్యాక కూడా వెళ్ళిపోలేదు. ఊళ్ళో చదువుకుంటున్న పిల్లల్ని పోగేసి, మళ్ళీ హెచ్చరిక వస్తే ఏం చెయ్యాలో నేర్పించారు. మైకు పట్టుకుని వీధులు తిరగడం, ముసలివాళ్ళని ముందుగా తుపాను షెల్టర్‌కి చేర్చడం, ఎవరింట్లో మంచాన పడ్డవాళ్ళున్నారో గుర్తుపెట్టుకోవడం. ఎక్కడికెళ్ళినా ఇద్దరేసి వెళ్ళాలన్నది సంఘం పెట్టుకున్న మొదటి నియమం.

హేమ అప్పటికి తొమ్మిదో తరగతి. సంఘంలో అందరికన్నా చిన్నది. తండ్రి పోయాడు. తల్లి వరహాలమ్మ ఛత్రపురం సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. శనివారం సాయంత్రం షెల్టర్ మేడ మీద సంఘం కూర్చుంటే ఆ నవ్వులు కింద వీధి చివరిదాకా వినిపించేవి. హేమకి వారంలో అదొక్కటే పండగ.

తర్వాత ఒడ్డు చేప తగ్గిపోయింది. మగపిల్లలు ఒకడి వెనక ఒకడు పడమటి సముద్రానికి పోయారు. కొచ్చి ఒకడు, మల్పే ఒకడు, గుజరాత్ వెరావల్‌కి నలుగురైదుగురు. అక్కడ పెద్ద బోట్ల మీద పని. ఆడపిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయి. ఆఖరికి ఈశ్వర్ కూడా వెళ్ళాడు. అతనూ హేమా ఎప్పుడూ ఒకే జతగా మైకు పట్టుకుని తిరిగేవాళ్ళు. వెళ్ళే రోజు షెల్టర్ తాళంచెవి హేమ చేతిలో పెట్టి, "పోగొట్టకే" అన్నాడు. అంతే.

హేమ బరంపురం కాలేజీలో ప్లస్ త్రీ డిగ్రీ పూర్తిచేసి, ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతూ ఉండిపోయింది. శనివారం వస్తే షెల్టర్ తలుపు తీసేది. చీపురు పట్టి గది ఊడ్చి, కిటికీలు తెరిచి, మైకు పనిచేస్తోందో లేదో చూసి, కాసేపు గోడకి ఆనుకుని కూర్చునేది. సంఘం వాట్సాప్ గ్రూపులో "ఇవాళ శనివారం" అని పెట్టేది. అందరూ చూసినట్టు తెలిసేది. ఎవరూ ఏమీ రాసేవారు కాదు.

"సంఘంలో నువ్వొక్కదానివే ఉన్నావు కదే," అంది వరహాలమ్మ ఒకసారి. "ఒక్కలుంటే దాన్ని సంఘం అంటారేటి?"

అది హేమకీ తెలీదు.

కిందటేడు కార్తీకంలో హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికి గాలి మొదలైంది. హేమ మైకు భుజాన తగిలించుకుని ఒక్కర్తీ బయల్దేరింది. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి విన్నారు గాని కదల్లేదు.

"నిరుడూ ఇలాగే సెప్పినావు. వర్సం సుక్క పడ్నేదు," అంది మంగమ్మ.

"ఈసారి పడతాది పిన్నీ. రా."

"మా ధనరాజు ఉంటే ఆడు సెప్పేవోడు. ఆడు ఊల్లో లేడు. ఇల్లొగ్గేసి ఎక్కడికి ఎల్తాను?"

ఏ ఇంటికెళ్ళినా అదే మాట. కొడుకు లేని ఇంటిని తామే కాపలా కాస్తున్నామనుకుంటున్నారు తల్లులు. హేమ గొంతు బొంగురుపోయింది. చినుకులు మొదలవుతుంటే వీధి మధ్యలో ఆగి, చున్నీ కింద ఫోను దాచుకుని, మల్పేలో ఉన్న ధనరాజుకి ఫోను కొట్టింది.

"మీయమ్మ కదలట్లేదు. నువ్వు సెప్పు."

"నాను సెప్తే ఇంటాదా?" అన్నాడు అతను.

"నువ్వు సెప్తేనే ఇంటాది. మిగిలినోళ్ళకి కూడా సెప్పు. ఎవలమ్మకి ఆళ్ళు ఫోన్లు సెయ్యమను. వేగిరం."

కాసేపటికి మంగమ్మ ఇంట్లో ఫోను మోగింది. పక్కింట్లో మోగింది. ఎదురు వరసలో మోగింది. హేమ వానలో నిలబడి వింటోంది. లోపల తల్లులు ఎంత దూరాన్నో ఉన్న కొడుకులతో అరిచి మాట్లాడుతున్నారు, తిన్నావా అని అడుగుతున్నారు, ఏడుస్తున్నారు, సరే ఎల్తానురా అంటున్నారు. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మూటలు, మేకలు, పసిపిల్లలు బయటికొచ్చారు. అందరూ ఫోను చెవిదగ్గర పెట్టుకునే షెల్టర్ వైపు నడిచారు. మైకు పట్టుకున్న హేమని దాటుకుంటూ పోయారు.

ఒడ్డు వరసలో ఒక్క ఇల్లే మిగిలింది. ఈశ్వర్ తల్లి కాసమ్మది. ఈశ్వర్ ఎక్కిన బోటు నడి సముద్రంలో ఉంది. ఫోను తగలదు.

"ఆడు సెప్పేదాకా నాను కదల్ను," అంది కాసమ్మ పొయ్యి దగ్గర కూర్చుని.

"ఆడు ఒడ్డుకి రాడానికి ఇంకా రోజులు పడతాది అత్తా."

"అందాకా ఇక్కడే ఉంటాను. నువ్వెల్లు."

హేమ మైకు కింద పెట్టి ఆమెకి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏటి కూకున్నావు? ఎల్లమన్నాను కదా."

"నువ్వొస్తేనే ఎల్తాను."

కప్పు మీద రేకు లేచి పడుతోంది. అలల చప్పుడు ఇంటి వెనక్కే వచ్చేసింది. హేమకి ధైర్యమేమీ లేదు. రెండుసార్లు తలుపు వైపు చూసింది. తను ఈ ఇంట్లో ఉన్నట్టు ఎవరికీ తెలీదని అప్పుడు గుర్తొచ్చింది. వెనకటిలా జత ఉంటే, ఒకరు రాకపోతే రెండోవారు వెతుక్కుంటూ వచ్చేవారు. ఇప్పుడు ఎవరొస్తారు? అమ్మ షెల్టర్‌లో ఉంది. హేమ ఏదో వీధిలో తిరుగుతోందనే అనుకుంటుంది.

గాలి ఒక్క ఊపు ఊపేసరికి మూల రేకు ఊడి ఎగిరిపోయింది. కాసమ్మ పైకి చూసింది. తర్వాత హేమ ముఖం చూసింది.

"పద," అంది లేస్తూ. "ఒకరి కూతుర్ని నా ఇంట్లో సంపుకోలేను."

కొయ్యకి తగిలించి ఉన్న ఈశ్వర్ చొక్కా తీసి చంకన పెట్టుకుంది. దారంతా హేమ మణికట్టు పట్టుకుని వదల్లేదు. షెల్టర్ మెట్ల దగ్గర మాత్రం వదిలేసి, జనంలోకి వెళ్ళిపోయింది.

తెల్లారి చూస్తే కాసమ్మ ఇంటి సముద్రం వైపు గోడ లేదు. ఊళ్ళో ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు. ఆ రోజంతా కొడుకుల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తల్లులు షెల్టర్ వరండాలో కూర్చుని మాట్లాడుతుంటే హేమ మైకు తడి తుడిచి, ఎండలో పెట్టి, ఇంటికెళ్ళి పడుకుంది.

చలికాలంలో బరంపురం నుంచి శ్యామసుందరరావు ఫోను చేశాడు. రైల్వేలో రిటైరయ్యాక అక్కడ గోసాని నువాగాం పేటలో ఉన్న ఆ స్వచ్ఛంద సంస్థ ఆఫీసు ఆయనే చూసుకుంటున్నాడు. మంచివాడు, హడావిడి మనిషి. చాలా దేశాల యువజన సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఆన్‌లైన్లో కలుస్తున్నాయట. రాబోయే తరాల కోసం భూమినీ, సముద్రాన్నీ, బతుకుల్నీ ఎలా నిలుపుకోవాలన్నది విషయం. గంజాం తీరం తరఫున మార్కండి సంఘానికి మూడు నిమిషాలు ఇచ్చారు. ఒడియాలో మాట్లాడితే భువనేశ్వర్‌లో ఒకమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంది.

హేమ ఆఫీసుకి వెళ్ళేసరికి కంప్యూటర్ ముందు కుర్చీల్లో ఆరుగురు కాలేజీ పిల్లలు నీలంరంగు టీషర్టులు వేసుకుని కూర్చున్నారు.

"వీళ్ళెవరు సార్?"

"మన వాలంటీర్లేనమ్మా. సభలో వాళ్ళకి సంఘం కనబడాలి కదా. ఖాళీ గదిలో నువ్వొక్కదానివీ కూచుంటే ఏం బావుంటుంది?"

"మా సంఘం వీళ్ళే అని సెప్పమంటారా?"

"ఏమీ చెప్పొద్దు. కూచుంటారు, అంతే." ఆయన ఆమె వైపు చూడకుండా వైర్లు సర్దాడు.

చివరి కుర్చీలో ఉన్న అమ్మాయి లేచి తన పక్క కుర్చీ జరిపింది. పేరు దుర్గాభవానిట. ఊళ్ళో ఒక మిల్లులో పనిచేసే తెలుగువాళ్ళమ్మాయి.

హేమ వంతు వచ్చింది. తెర మీద చిన్న చిన్న గళ్ళలో ఎక్కడెక్కడి ముఖాలో ఉన్నాయి. ఆమె నమస్కారం పెట్టి ఇలా చెప్పింది: "నా పక్కనున్నవాళ్ళు బరంపురం విద్యార్థులు. మా సంఘం వాళ్ళు ఇక్కడ లేరు. ఒడ్డున చేప లేదు, అందుకని వేరే సముద్రంలో పనిచేస్తున్నారు. యువతని కలుపుకోవాలని మీరందరూ అంటున్నారు. మా ఊరి యువత ఊళ్ళో లేదు. అయినా మొన్న తుపాను రోజు వాళ్ళే వాళ్ళ తల్లుల్ని కదిలించారు, ఫోన్లో. ఒక్క తల్లికి మాత్రం ఫోను రాలేదు." కాసమ్మ సంగతి చెప్పింది. ఇంకా చెబుదామనుకుంది గాని మాటలు అయిపోయాయి.

ఎక్కడో పెద్ద సముద్రంలో, చిన్న దీవి నుంచి మాట్లాడుతున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె అడిగింది భువనేశ్వర్ అమ్మాయి ఒడియాలోకి మార్చి చెప్పింది: "ఆవిడ కోసం నువ్వు వెళ్ళావు. నీ కోసం ఎవరొస్తారు?"

హేమకి వినపడలేదేమోనని భువనేశ్వర్ అమ్మాయి ప్రశ్న మళ్ళీ చెప్పింది.

"ఎవరూ లేరు," అంది హేమ.

దీవి అమ్మాయి ఇంకేదో అనబోతుంటే సభ నడిపే ఆయన ధన్యవాదాలు చెప్పి వేరే దేశాన్ని పిలిచాడు. హేమ గడి చిన్నదైపోయి, మిగిలిన వాటిలో కలిసిపోయింది.

శ్యామసుందరరావు ఆమెని బస్సు దాకా దిగబెట్టాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, "ఈసారి హెచ్చరికొస్తే ఇక్కణ్ణించి ఒకరిని పంపిస్తానమ్మా, నీకు జతగా," అన్నాడు.

కొన్నాళ్ళకి ఆ సభ తీర్మానం ఫోన్లోకి వచ్చింది. చాలా పొడుగు. ఒకచోట, తీరప్రాంత యువత ఫోన్ల ద్వారా కుటుంబాలను కాపాడుకున్న అనుభవం స్ఫూర్తిదాయకమని రాసి ఉంది. హేమ దాన్ని తల్లికి చదివి వినిపించింది.

"నీ పేరుందా?" అంది వరహాలమ్మ.

"లేదు."

"ఊరి పేరు?"

"లేదమ్మా. తీరం అనుంది."

జూన్‌లో పడమటి సముద్రంలో వేట ఆపేస్తారు. కుర్రాళ్ళందరూ ఇళ్ళకొచ్చారు. వీధి నిండిపోయింది. కొత్త ఫోన్లు, పాటలు, బరంపురం సినిమాలు, రోజూ మాంసం కూరలు. వచ్చిన మొదటి శనివారం షెల్టర్‌కి నలుగురు వచ్చారు. తర్వాతి వారం ఇద్దరు. ఆ తర్వాత ఈశ్వర్ ఒక్కడే వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, భుజాలు పెరిగాయి, మాట తగ్గింది.

"అమ్మ సెప్పింది," అన్నాడు కిటికీ దగ్గర నిలబడి.

"ఎవలమ్మ కోసమైనా కూకుందును."

"తెలుసు." ఆమె వైపు తిరిగి అన్నాడు, "వెరావల్ ఒచ్చీకూడదా? చేపల కంపెనీలో ఆడోళ్ళకి పని దొరుకుతాది. మనూరోళ్ళు ఉన్నారు. సాయంత్రమైతే అందరం ఒక్క దగ్గర కూకుంటాం. ఇక్కడ నీకెవలున్నారే?"

హేమకి ఆ మాట రోజుల తరబడి చెవిలోనే ఉండిపోయింది. ఊరి కోసం ఉండిపోవాలన్న గొప్ప ఉద్దేశమేమీ ఆమెకి లేదు. వెళ్ళాలనే ఉంది. పని దిగాక పదిమంది కలిసి కూర్చునే ఆ సాయంత్రాలు తలుచుకుంటూ కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టేసేది. కానీ కాసమ్మ ఇంటికి లేచిన కొత్త గోడ చూసినప్పుడల్లా కాళ్ళు ఆగిపోయేవి.

వాళ్ళు తిరిగి వెళ్ళే ముందురోజు ఈశ్వర్‌తో చెప్పింది. "ఈ కార్తీకం దాటాక సూస్తాను."

"ప్రతేడూ కార్తీకం ఒస్తాది హేమా," అన్నాడు అతను. కోపంగా కాదు.

మర్నాడు వీధి ఖాళీ అయింది.

ఈ ఏడు కార్తీకంలో మళ్ళీ హెచ్చరిక వచ్చింది. శ్యామసుందరరావు మాట నిలబెట్టుకున్నాడు. మధ్యాహ్నం బస్సులోంచి దుర్గాభవాని దిగింది. భుజాన సంచి, ముఖం నిండా భయం. "నాకేం చెయ్యాలో తెలీదక్కా," అంది. "నా పక్కన నడువు, చాలు," అంది హేమ. ఇద్దరూ వీధి వీధీ తిరిగారు. ఈసారి తల్లులు తొందరగానే కదిలారు. కాసమ్మ అందరికన్నా ముందే షెల్టర్‌లో చాప పరుచుకుని కూర్చుంది.

తుపాను ఉత్తరానికి తిరిగిపోయింది. చిన్న జల్లు మాత్రం పడింది. ఆ రాత్రి షెల్టర్ మేడ మీద గదిలో ఇద్దరూ పక్కపక్కన పడుకుని మాట్లాడుకున్నారు. మాట్లాడింది ఎక్కువగా హేమే. సంఘం మొదలైన రోజులు, ఎవరు ఎలా నవ్వేవారు, ఎవరు ఏ పాట పాడేవారు, అన్నీ చెప్పింది. దుర్గాభవాని వింటూ వింటూ నిద్రపోయింది. ఆమె నిద్రపోయిందని తెలిశాక కూడా హేమ కాసేపు చెబుతూనే ఉంది.

పొద్దున దుర్గాభవానికి పరీక్షలున్నాయి. మొదటి బస్సుకే వెళ్ళాలి. "మళ్ళీ హెచ్చరికొస్తే వస్తానక్కా," అంది ఎక్కుతూ. హేమ నవ్వి చెయ్యి ఊపింది. హెచ్చరిక రావాలని కోరుకోకూడదు కదా అనుకుంది.

బస్సు సరుగుడు తోట మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కొచ్చి మేడ ఎక్కింది. కింద ఆడవాళ్ళు మూటలు సర్దుకుని ఇళ్ళకి పోతున్నారు. ఇద్దరూ టీ తాగిన గ్లాసులు కిటికీలోనే ఉన్నాయి. రెండూ కడిగి బోర్లించింది.