బ్రాకెట్ బాబాయి మూయని కథ

బ్రాకెట్ బాబాయికి మాట మొదలుపెట్టడం వచ్చు, ముగించడమూ వచ్చు. చిక్కంతా మధ్యలోనే. ఒక కథ చెబుతూ చెబుతూ "అన్నట్టు" అంటాడు, దాని కడుపులోంచి ఇంకో కథ పుడుతుంది. అందులో మళ్లీ "అన్నట్టు". ఇలా ఏడెనిమిది తెరిచాక, అన్నిటికంటే లోపలి దానితో మొదలుపెట్టి ఒక్కొక్కదానికీ "అదీ సంగతి" అని మూత పెట్టుకుంటూ బయటికొస్తాడు. తెరిచిన కథను మూయకుండా వదిలిన పాపాన పోలేదు.

ఒకసారి రిసెప్షన్‌లో ఆవిడకు లారీ బోల్తాపడిన కథ చెబుతుండగా ఆవిడకు వేరే ఊరి ఆఫీసుకు బదిలీ అయింది. బాబాయి సెలవు పెట్టి, రైలెక్కి వెళ్లి, "డ్రైవరు బతికాడమ్మా, అదీ సంగతి" అని చెప్పి, మంచినీళ్లు తాగి తిరిగొచ్చాడు. ఆయన భార్య, అంటే ఆఫీసందరికీ పిన్ని, ఇంకా తెలివైనది. "అన్నట్టు" వినబడగానే పొయ్యి మంట తగ్గించేస్తుంది.

ఇంతకీ ఆయన పనేమిటంటే, ఎవరు పంపిన ఫైలునైనా చదివి, ముక్కలు విడదీసి, మిగతా ప్రోగ్రాములకు అర్థమయ్యేలా అందించే ఒక లైబ్రరీని, అంటే పది కంపెనీలు తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడే కోడును, ఇరవయ్యేళ్లుగా కాపాడుకు రావడం. ఆ ఫైళ్ల నిండా బ్రాకెట్లే. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆయన పక్క కుర్చీలోకి కొత్తగా ఒకామె వచ్చింది. కొడుకును బడిలో వేశాక, ఏడేళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరింది. పాత కోడు శుభ్రం చేస్తూ, దేనికీ పనికిరాదనిపించిన ఒక లైను తీసేసింది. బ్రాకెట్‌లో బ్రాకెట్ ఎంత లోతుకు దిగిందో లెక్కపెట్టి, మరీ ఎక్కువైతే హెచ్చరించే లైను అది.

ఆ మార్పు బయటికి వెళ్లిన పదో రోజున ఎవరో పుణ్యాత్ముడు ఆ లైబ్రరీ వాడే ఒక బస్సు టిక్కెట్ల కంపెనీకి ఒక ఫైలు పంపాడు. అందులో తెరిచే బ్రాకెట్లు లక్ష, మూసేది ఒక్కటీ లేదు. బాబాయి లైబ్రరీ ఒక్కోదాన్నీ గుర్తుపెట్టుకుంటూ, మూసేది వస్తుందని ఎదురుచూస్తూ, మెమరీ అంతా నింపుకుని చతికిలబడింది. రెండు గంటలు టిక్కెట్లు బంద్.

సంగతి తెలియగానే ఆమె బాబాయి వైపు కుర్చీ తిప్పింది. ఆమె ప్రొబేషన్ పూర్తి కావడానికి ఇంకా పదిహేను రోజులున్నాయి.

"బాబాయిగారూ, ఆ లైను తీసింది నేనే. ఇక నా ఉద్యోగం ఉండదు."

"చూసి సరే అన్నది నేను కదమ్మా. ముందు గొయ్యి పూడ్చేద్దాం. ఎంత లోతు దాకా రానిద్దాం?"

"రెండొందలు. అది దాటితే ఇక చదవనని చెప్పి బయటికొచ్చేద్దాం."

బాబాయి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మధ్యలో వదిలేయడమా? నోరు తెరిచినవాణ్ణి ముగించనివ్వకపోతే ఎలాగమ్మా?"

"వాడు ముగించడండి. మనల్ని ముంచడానికే తెరిచాడు."

బాబాయి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆఫీసులో అలాంటిది జరగడం అదే మొదలు. తర్వాత "రాయి" అన్నాడు. ఆమె ఆ గొయ్యి పూడ్చే ప్యాచ్ రాసింది. ఆ లక్ష బ్రాకెట్ల ఫైలునే మళ్లీ పెట్టి చూస్తే, రెప్పపాటులో "లోతు ఎక్కువైంది" అని జవాబొచ్చింది.

మర్నాడు పదకొండింటికి మీటింగు. "ఆ లైను తీసేసింది ఎవరు?" అన్నాడు మేనేజరు.

ఆమె లేవబోయింది. బాబాయి అప్పటికే గొంతు సవరించుకున్నాడు.

"చెప్తాను సార్. ఆ లైను గురించి చెప్పాలంటే అది రాసిన రోజు గురించి చెప్పాలి. ఆ రోజు లిఫ్టు ఆగిపోయింది. అన్నట్టు, ఆ లిఫ్టు మెకానిక్‌కి ఒక బావమరిది ఉండేవాడు."

బావమరిది నుంచి అతని స్కూటరుకు, స్కూటరు నుంచి దాన్ని కొన్న పళ్ల డాక్టరుకు, డాక్టరు నుంచి ఆయన పెంచుకున్న చిలకకు కథ దిగింది. పన్నెండున్నరకు మేనేజరు కళ్లు తేలేశాడు.

"అబ్బా బాబాయ్, నేనడిగింది పేరు."

"వస్తున్నా సార్, చిలక దగ్గరే ఉన్నాం. అన్నట్టు..."

ఒంటిగంటకు ఎవరో హాలు తమకు కావాలని తలుపు కొట్టారు. కోడులో ఏ మార్పు ఎవరు చేశారో రాసి ఉండే రికార్డు తెరిస్తే పేరు తెలిసిపోయేదే. కానీ ఆ విషయం మీద ఇంకొక్క మాట వినే ఓపిక మేనేజరుకు ఈ జన్మకు లేదు. "ప్యాచ్ బాగుంది, అది చాలు" అని తల పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఉద్యోగం ఖాయమైంది. తన కాళ్ల మీద తాను నిలబడింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు గుండె నిండిపోతుంది. థాంక్స్ చెప్పబోయినప్పుడల్లా బాబాయి "అన్నట్టు" అనేవాడు.

నాలుగేళ్లకు ఆయన రిటైరయ్యాడు. చివరి రోజు ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, మిగిలిపోయిన కథలన్నిటికీ మూతలు పెట్టాడు. ఆఖరున ఆమె దగ్గరికొచ్చాడు.

"నీకేమైనా మిగిలాయా అమ్మా?"

"ఒకటుంది బాబాయిగారూ. చిలక దగ్గర ఆపేశారు. ఆ లైను ఎవరు తీశారో చెప్పనేలేదు."

బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది మరీ లోతుకు పోయిందమ్మా. రెండొందలు దాటితే వదిలేసి బయటికొచ్చేయమని నువ్వే కదా రాశావు."

ఆమెకు నవ్వొచ్చింది. "మీరు చేసిన మేలు మర్చిపోను బాబాయిగారూ" అంది.

"అన్నట్టు" అన్నాడు బాబాయి.

ఆమె కంప్యూటరు కట్టేసి, ఆయనకు కుర్చీ లాగింది.