తాత నెత్తిన వేసుకున్న నా తప్పు

చింతపల్లి కొండల్లో మమ్మల్ని నడిపించిన తాత పోయాడు. ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న నేడక్కా. మూడ్రోజులు జొరం. ఆస్పత్రికి రమ్మంటే రేపెల్దాం, రేపెల్దాం అన్నాడు" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆయన బతికుండగా నలుగురిలో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

చలికాలంలో విశాఖ నుంచి గుంపుగా ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లం. మాకు తెలిసి కుక్కల్ని కూడా రానిచ్చే గైడు ఆయనొక్కడే. జీపు దిగగానే మనుషులకన్నా ముందు వాటినే పలకరించేవాడు. ఒక్కో కుక్కకూ తన చేత్తో చోడిపిండి ముద్ద, అదే రాగిముద్ద, పెడుతూ, నాలుక మడిచి సన్నగా ఒక కూత కూసేవాడు. ముసలాయన ముచ్చట అనుకునేదాన్ని. తరవాత వాటి మెడ తాళ్లు చూసేవాడు. తాడు రెండు మూరలు మించకూడదు, మన నడుముకే కట్టుకోవాలి.

"ఒగ్గీసిన కుక్క ఎలుగ్గొడ్డుని సూసి మొరుగుతాది. అది తిరగబడితే మన కాడికే పరిగెత్తుకొత్తాది. ఒట్టిగా రాదమ్మా, దాన్ని ఎంటేసుకొత్తాది" అనేవాడు. ఎవరైనా నసిగితే, "సుట్టపుసూపుకి ఎల్లినోలు ఆలింటి పిల్లల మీదకి కుక్కనొగ్గుతారేటి?" అని నోరు మూయించేవాడు.

అన్నీ విన్నాను. విని, రెండేళ్ల కిందట మా కుక్క తాడు విప్పేశాను. ఎందుకంటే, ఫోటో కోసం. కాఫీ తోటలు దాటాక ఒక పెద్ద బండ వచ్చింది. దాని మీద మా జిమ్మి తాడు లేకుండా కూర్చుంటే బాగుంటుందనిపించింది. ఫోన్ తీసేలోపు కింద పొదల్లో ఏదో కదిలింది. జిమ్మి దూకేసింది.

మొరుగుడు వినిపించింది. తరవాత ఒక పిల్ల జంతువు కీచుమన్న చప్పుడు, ఆ వెంటనే తల్లి ఎలుగుబంటి గుర్రుమనడం. కేక వేయబోయాను. తాత అరచెయ్యి నా నోటి మీద పడింది.

"పిలవకు. పిలిస్తే ఇక్కడికే తెత్తాది."

నా వెనక ఎనిమిది మంది, అందులో ఇద్దరు పిల్లలు. పిలవకపోతే జిమ్మి దక్కదు. ఆయన చెయ్యి తీశాక కూడా నేను నోరు తెరవలేదు. జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

తాత వాలులో అడ్డంగా పరిగెత్తి, మాకు బాగా దూరంగా పోయి ఆ కూత కూశాడు. పొద్దున్నే ముద్ద ఎందుకు పెట్టేవాడో అప్పుడర్థమైంది. మా వైపు వస్తున్న జిమ్మి చప్పున అటు తిరిగింది. దాని వెనకే ఎలుగుబంటి. తాత జిమ్మిని తన భుజం మీది దుప్పట్లో చుట్టి, మూతి బిగించి పట్టుకుని, రాయి చాటున బోర్లా పడుకున్నాడు. ఎలుగుబంటి వెనక కాళ్ల మీద లేచి వాసన చూసింది. పొదల్లో పిల్ల మళ్లీ కీచుమంది. తల్లి కాసేపు అలాగే ఉండి, అటే వెళ్లిపోయింది.

తాత వచ్చి ముందు జిమ్మి నోరు తెరిచి చూశాడు. "నెత్తురు నేదు. ఎలుగుపిల్లకేటీ అవనేదు" అన్నాడు.

"కుక్కని ఎవరు వదిలారు?" అని మా గుంపు పెద్ద గొంతు లేపాడు.

"నేనే ఇప్పమన్నాను. అరవకండి, బేగి దిగండి" అన్నాడు తాత.

తల్లి ఇంకా దగ్గర్లోనే ఉంది. అక్కడ తగువులాడుకునే వీల్లేదు. కిందికి దిగాక నిజం చెబుదామనుకున్నాను. దిగాను, జీపెక్కాను, చెప్పలేదు. మరుసటి చలికాలం మావాళ్లు ఆయన్ని పిలవలేదు. ఆ కబురు పాకి మిగతా గుంపులూ మానేశాయి. నేను రెండుసార్లు వెళ్లి క్షమించమని అడిగాను. "పోనీలేమ్మా, కుక్క బాగున్నాదా?" అని కాఫీ ఇచ్చాడు. ఆయన దగ్గర ఒప్పుకోవడం సులువే. ఆయన మంచివాడు కదా.

దినానికి జిమ్మిని తీసుకుని వెళ్లాను. వాకిట్లో మా గుంపువాళ్లు, ఆ ఊరి గైడులు కూర్చున్నారు. లోపల ఆయన కూతురు నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, అందరి సేతా తాడు కట్టించినోడు ఆ రోజు ఎందుకిప్పమన్నాడు? అడిగితే నవ్వేసి ఊరుకునీవోడు. ముసిలోడికి బుర్ర పనిసెయ్యట్లేదన్నారు ఈలంతా. నేనూ అదే అనుకున్నాను."

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. నా చేతిలోంచి జిమ్మి తాడు తీసుకుంది.

"నాకు కాదు, ఆలకి సెప్పు. కుక్కని నేను పట్టుకుంటాను."

వాకిట్లోకి వచ్చాను. కబుర్లాడుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే ఆపి నా వైపు తిరిగారు. ఆమె గుమ్మంలో జిమ్మిని పట్టుకుని, లోపలికి పోకుండా, నేను నోరు తెరిచేదాకా అక్కడే నిలబడింది.