నాలుగు వేలు చెప్పిన తర్వాత

ఈ సాయంత్రం గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో వచ్చినంతసేపూ పక్క సీట్లో ఉన్న ప్రభును చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే రకం కెమెరా. కబడ్డీ ఫోటోలు అతనికంటే నేనే బాగా తీస్తానని అతనే ఒప్పుకుంటాడు.

వచ్చే ఆదివారం గుడియాత్తంలో జరిగే కబడ్డీ పోటీలకు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు కావాలంటే మాట్లాడుకోవడానికి వెళ్ళాం. పోటీలు జరిపిస్తున్న మునిరత్నం గారు ముందు నన్నే అడిగారు.

"ఎంత తీసుకుంటావమ్మా?"

"నాలుగు వేలన్నా."

ఆయన ఏమీ అనకుండా కళ్ళద్దాల కోసం జేబులు తడుముకుంటున్నారు. ఎక్కువ చెప్పేశానేమో అనుకున్నాను. "మూడైనా సరేన్నా," అన్నాను. అద్దాలు ఇంకా దొరకలేదు. "పోనీ, రెండున్నర!"

"సరేమ్మా, నువ్వు చెప్పినట్లే కానీ. నీకెంతప్పా?"

"నాలుగు వేలన్నా," అని ప్రభు గమ్మునున్నాడు. ఆయన ప్రభు ముఖం చూశారు. ప్రభు కబడ్డీ కోర్టు వైపు చూశాడు. చివరికి ఆయనే, "సరేప్పా, ఆదివారం పొద్దున ఆరు గంటలకంతా ఇద్దరూ వచ్చేయండి," అన్నారు.

బస్సెక్కాక ఉక్రోషం ఆగలేదు. "నాకొక సైగైనా చేయకూడదా?"

"ఆయప్ప తగ్గించమని అడిగినాడా? వేలంపాట తిరగేసి పాడింది నువ్వే కదమ్మే!"

కొత్త మాట దొరికితే చాలు, నోటుబుక్కులో రాసుకుని మురిసిపోయే నేను, ఈ రోజు ఒకడి మౌనాన్ని చూసి అసూయపడ్డాను. ధర చెప్పిన తర్వాత నోరు మూసుకోవడం మీరెలా నేర్చుకున్నారో కామెంట్లలో చెప్పండి. ప్రభు మాత్రం చెప్పనక్కర్లేదు.