పంతొమ్మిది సార్లు

రంగుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ కాటాగారు అనేవారు. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఏ రంగు ముక్క చేతికిచ్చినా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో అటూ ఇటూ తిప్పి, "పసుపు పదకొండు పాళ్లు, నీలం మూడు, నలుపు చిటికెడు, మిగతాది తెలుపు" అని చెప్పేసేవాడు. కలిపి చూస్తే అర పాలు కూడా తేడా వచ్చేది కాదు. కళ్లలో కాటా పెట్టుకుని పుట్టాడని పనివాళ్లు చెప్పుకునేవారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ కంపెనీ అమ్మిన రంగుల్లో సగానికి పైగా ఆయన చేతిమీదుగా పుట్టినవే. పాళ్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉన్నా ఆయన దాని మొహం చూసేవాడు కాదు. "కన్నతండ్రి పిల్లల పేర్లు పుస్తకంలో చూసి పిలుస్తాడా?" అనేవాడు.

ఒకరోజు పొద్దున్న ఇటుకరంగు కలపాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి వారానికి రెండుసార్లు కలుపుతున్న రంగు. ఎరుపు డబ్బా దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎంత? గుర్తు రాలేదు. నోటిదాకా వచ్చి ఆగడం కాదు, లోపల తుడిచిన పలకలా ఉంది. చుట్టూ నలుగురు ఆయన నోటి వంకే చూస్తున్నారు. "ఈ పొడి చెమ్మగిల్లింది, మార్చుకు రండి" అని వాళ్లని పంపేసి, తలుపు దగ్గరికేసి, మొట్టమొదటిసారి కంప్యూటర్‌లో చూశాడు.

ఆ సాయంత్రం ఇంటికి బయలుదేరేముందు, మర్నాడు కలపాల్సిన రంగుల పాళ్ల కాగితాలు తన సొంత మెయిల్‌కి పంపుకున్నాడు. సంగతి భార్యకి ఒక్కదానికే చెప్పాడు. ఆవిడ చిన్నపిల్లల బడిలో పాతికేళ్లు ఎక్కాలు చెప్పిన టీచరు.

"డాక్టరుకి చూపిద్దామండీ."

"డాక్టరెందుకు? వయసు మీద పడితే అందరికీ అంతే. నువ్వు కాస్త ఒప్పజెప్పించు, చాలు."

ఇక రోజూ అదే వరస. పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర టీ గ్లాసుల మధ్య అచ్చుతీసిన కాగితాలు పెట్టుకుని కూర్చునేవారు. ఆవిడ అడగడం, ఆయన చెప్పడం. తప్పితే చేతి అలవాటు కొద్దీ ఎర్రసిరాతో ఇంటూ కొట్టేది.

"చిలకపచ్చ?"

"పసుపు పదకొండు, నీలం... నాలుగు."

"మూడండీ."

"మూడనే కదా అన్నాను!"

"అన్నారు. నేనే సరిగ్గా వినలేదు."

అలా నెలలు గడిచాయి. ఫ్యాక్టరీలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంతలో వేరే కంపెనీ ఒకటి, వీళ్లు ఇంకా బజారుకి పంపని నెమలికంఠం రంగుని అచ్చు గుద్దినట్టు దింపి అమ్మడం మొదలుపెట్టింది. పాళ్లు ఎవరో దాటించేశారు. మేనేజరు అందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన ఒకప్పుడు కాటాగారి దగ్గర డబ్బాలు మోసి పని నేర్చుకున్నవాడే. ఆ సమావేశంలో అందరికన్నా ముందు లేచింది కాటాగారు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన వల్ల కాకపోతే యంత్రంతోనే పట్టించండి. నా పిల్లల్ని ఎవడో ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

నెల తిరక్కుండా కాపలా ప్రోగ్రాం వచ్చింది. దాన్ని నడపడానికి ఒకమ్మాయి వచ్చింది. సన్నగా, కళ్లజోడుతో, ఎవర్నయినా "అండీ" అనకుండా పలకరించని పిల్ల. ఆ ప్రోగ్రాం పనిచేసే తీరు అందరికీ విడమరిచి చెప్పింది.

"ఏ కాగితాలు రహస్యమో దానికి ముందే చెప్పి ఉంచుతామండీ. అవి మెయిల్లో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ బయటికి వెళ్లబోతే ఆపేస్తుంది. పాత రికార్డులు చదివి ఎవరి అలవాటు ఏమిటో కూడా నేర్చుకుంటుంది. అలవాటు తప్పితే నాకు చెబుతుంది."

"అంటే మమ్మల్ని అనుమానిస్తుందన్నమాట" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"అనుమానపడేది మనమేనండీ. అది ఊరికే లెక్క పెడుతుంది."

పనివాళ్లు దానికి వెంటనే 'అత్తగారు' అని పేరు పెట్టేశారు. ఉలుకూ పలుకూ లేకుండా మూల కూర్చుని, కోడలు ఎన్నిసార్లు గడప దాటిందో వేళ్లు మడుస్తుందట. అందరితోపాటు కాటాగారూ పగలబడి నవ్వాడు.

సోమవారం నుంచి అత్తగారు పనిలోకి దిగింది. ఆ సాయంత్రం ఐదింటికి ఆయన ఎప్పటిలాగే కాగితాలు పంపుకోబోయాడు. అలాంటిదొకటి పెట్టారన్న సంగతే ఆయన బుర్రలో లేదు. మెయిల్ వెళ్లలేదు. తెర ఎర్రబడి బిగుసుకుపోయింది. పది నిమిషాల్లో మేనేజరు గదిలోంచి పిలుపొచ్చింది.

మేనేజరు తల పైకెత్తలేదు. "గురువుగారూ, ఎవరికిస్తున్నారు ఇవన్నీ?"

"ఎవరికీ కాదు. నాకే పంపుకున్నాను."

"ఎందుకు?"

అమ్మాయి ఒక కాగితాల కట్ట ముందుకు జరిపింది.

"అంతకుముందు మీరు ఈ ఫైళ్లు తెరిచిందే లేదండీ. పదకొండు నెలల కింద మొదలైంది. అప్పుడు రోజుకి ఒకటో రెండో. తర్వాత ఐదారు. పోయిన గురువారం ఒక్క ఇటుకరంగు కాగితమే పంతొమ్మిది సార్లు తెరిచారు. ఫోటోలు తీసుకుంటున్నారా?"

"పంతొమ్మిదా? లేదు లేదు. రెండుసార్లు చూసుంటాను."

"టైములతో సహా ఉందండీ. తొమ్మిదీ పదికి ఒకసారి. తొమ్మిదీ పన్నెండుకి. తొమ్మిదీ పదమూడుకి..."

ఆయన కాగితం తన వైపు తిప్పుకున్నాడు. ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టుకుంటూ కిందికి దిగాడు. రెండు గుర్తున్నాయి. మిగతా పదిహేడూ ఎవరు తెరిచారు? అప్పుడప్పుడూ ఒకటీ అరా మరిచిపోతున్నాననే అనుకుంటున్నాడు ఇన్నాళ్లూ. మరిచిపోయిన సంగతి కూడా మరిచిపోతున్నాడని కాగితం నిమిషాలతో సహా చెబుతోంది. ఎదుటివాళ్లిద్దరికీ అందులో దొంగ కనిపిస్తున్నాడు.

"చెప్పండి గురువుగారూ. నన్ను ఇరకాటంలో పెట్టకండి" అన్నాడు మేనేజరు.

"చెప్పడానికేం లేదు" అని లేచాడు. గుర్తింపు కార్డు అక్కడే తీసుకున్నారు.

ఇంట్లో భార్య చేతులు పట్టుకుని బతిమాలింది. "నిజం చెప్పెయ్యండి. దాచుకోవడానికి ఇదేమన్నా తప్పా?"

"దొంగన్నా పడతాను. మతిపోయిందంటే పడలేను. దొంగ అంటే వాడికి పని వచ్చనే కదే అర్థం!"

నాలుగు రోజులు తిరిగేసరికి నెమలికంఠం దాటించింది కూడా ఆయనేనని ఫ్యాక్టరీ అంతా పాకిపోయింది. ముప్ఫై ఏళ్లు పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్లు ఫోన్ చేస్తే తియ్యలేదు. ఐదోరోజు ఆవిడ, ఆయనకి చెప్పకుండా, పదకొండు నెలల కాగితాలూ సంచిలో వేసుకుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"ఈ ఎర్ర ఇంటూలేమిటండీ?"

"తప్పులమ్మా. అడుగున ఉన్నవి చూడు, పేజీకి ఒకటి. ఇప్పుడు పైన ఉన్నవి చూడు."

అమ్మాయి తన కట్ట తెచ్చి పక్కన పెట్టుకుంది. తేదీకి తేదీ సరిపోతూ వచ్చింది. యంత్రం లెక్క పెరిగిన నెలల్లోనే ఇంటూలూ పెరిగాయి. అమ్మాయి కళ్లజోడు తీసేసింది. "అలవాటు మారిందనే చెప్పిందండీ అది. ఎందుకు మారిందో నేను అడగాల్సింది" అంది.

డాక్టరు పరీక్ష చేసి జబ్బు పేరు రాసిచ్చాడు. దొంగతనం మాట కొట్టేశారు. మేనేజరు స్వయంగా ఇంటికొచ్చి, గౌరవంగా విశ్రాంతి ఇస్తున్నామన్న ఉత్తరం చేతిలో పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, టీ సగం తాగి వెళ్లిపోయాడు. రహస్యం రహస్యమే కనక మర్నాడు ఇద్దరు మనుషులొచ్చి కాగితాలన్నీ పట్టుకుపోయారు. ఇంట్లో కంప్యూటర్‌ని తుడిచిపెట్టారు. ఎవరికీ చెప్పబోమని భార్యాభర్తలిద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. నెమలికంఠం దొంగ మాత్రం దొరకలేదు.

"నన్ను దొంగగానే ఉండనివ్వాల్సింది నువ్వు" అని ఆయన రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. మూడోరోజు కోపం సంగతే మరిచిపోయి, "ఏం కూర చేస్తున్నావు?" అంటూ వంటింట్లోకి వచ్చాడు. ఆవిడ స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చింది.

ఒప్పజెప్పించీ ఒప్పజెప్పించీ ఆవిడకి రంగులన్నీ నోటికొచ్చేశాయి. గిన్నెలు తోముతుంటే అవే నాలుక మీదికి వస్తాయి. ఆయన మాత్రం మళ్లీ ఒక్క రంగు గురించీ అడగలేదు.

వర్షాలు మొదలయ్యాక ఒక పొద్దున్న ఆయన తయారై ఎప్పటి బస్సెక్కి ఫ్యాక్టరీకి వెళ్లాడు. గేటు తెరుచుకోలేదు. కాపలాదారు స్టూలు మీద కూర్చోబెట్టి ఆవిడకి ఫోన్ చేశాడు. వారానికి మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత మూడు రోజులకే మళ్లీ. ఆ మూడోసారి పాత పనివాడొకడు లోపలికి వెళ్తూ నమస్కారం పెడితే, "ఇవాళ ఏ రంగు వేస్తున్నారు?" అని అడిగాడట. వాడు జవాబు చెప్పకుండా వెళ్లిపోయాడట. చెప్పకూడదు కదా.

ఆ రోజు ఇంటికి తీసుకొచ్చాక ఆవిడ ఆయన బూట్లు పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేసింది. మర్నాడు ఆయన మంచం కింద వెతికాడు, తలుపు వెనక వెతికాడు, మళ్లీ మంచం కింద వెతికాడు.

"నా బూట్లు చూశావా?"

"చూళ్లేదండీ."

"సరేలే, రేపు వెళ్తాను" అన్నాడాయన, ఆవిడ మాట పూర్తిగా నమ్మి.